కోరాబెల్ గొంతు

శుక్రవారం పొద్దున సౌదీలోని సులై లేబర్ క్యాంపులో అందరూ దుప్పట్లు ఉతుక్కుంటారు. ఏసీ మెకానిక్కు ఖాజావలి తన తెల్ల దుప్పటి డాబా మీద ఆరేస్తే దాని మీదికి కోరాబెల్ వస్తుంది. మాటల్లేని సినిమాల కాలంలో హాలీవుడ్‌ను ఏలిన నటి. ఉతికిన ప్రతిసారీ తన బతుకులో ఒక్కో ముక్క ఆడి చూపిస్తుంది. మొదట టోపీలు కుట్టే పిల్ల, తర్వాత గుర్రమెక్కిన రాకుమారి, ఆ తర్వాత కోటంత బంగళా. పెదవులు కదులుతాయి గానీ చప్పుడు రాదు.

"జర పక్కకు జరుగమ్మా, లుంగి ఆరేసుకోవాలె," అంటాడు అదే గదిలో ఉండే జగిత్యాల బుచ్చన్న. ఆమె జరుగుతుంది.

ఖాజావలికి ఆమె అంటే ప్రాణం. ఆమెకు బొమ్మే గానీ గొంతు లేదు. కడపలో కూతురు సాబేరాకేమో తను ఒట్టి గొంతే. చంటిపిల్లగా వదిలి వచ్చాడు, అప్పట్నుంచీ ఫోనే.

ఇంతలో నితాఖత్ చట్టం వచ్చిపడింది. సౌదీవాళ్లకు చాలినన్ని ఉద్యోగాలివ్వలేదని కంపెనీని ఎరుపు జాబితాలో పెట్టారు. అకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, ఇక రెన్యువల్ కావు. గడువులోగా ఎగ్జిట్ తీసుకుంటే జైలూ జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు. కానీ ఉత్త చేతులతో పోవడానికి ఖాజావలికి మొహం చెల్లలేదు. దూరాన ఖఫ్జీ ఊళ్లో ఖల్లివెల్లిగా, కాగితాల్లేకుండా, దాక్కుని పని చేద్దామనుకున్నాడు. శుక్రవారం నమాజయ్యాక అక్కడికి తీసుకుపోయే బండి వస్తుంది.

దుప్పటి మీదా గడ్డుకాలమే. మాటల సినిమాలొచ్చాయి. గొంతు బాగాలేదని కోరాబెల్‌ను స్టూడియో గెంటేసింది. పెట్టె పట్టుకుని గేటు బయట నిలబడింది. తర్వాత ఏమైందో చూసే ధైర్యం లేక ఖాజావలి దుప్పటి ఉతకడమే మానేశాడు. ఉతక్కపోతే ఆమె కథ అక్కడే ఆగిపోతుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

బండి వచ్చే రోజు బుచ్చన్న ఇక ఊరుకోలేదు. "కంపు కొడ్తున్నదే ఖాజాభాయ్," అని తనే ఉతికి ఆరేశాడు.

కోరాబెల్ పుట్టింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల తల్లి. ఆమెకు చూపు లేదు. లోకమంతా చూసిన బొమ్మను ఆ తల్లి ఒక్కనాడూ చూసి ఎరగదు. కోరాబెల్ తమ భాషలో "అమ్మా" అని పిలిచింది. దుప్పటిలోంచి మొదటిసారి చప్పుడు వినిపించింది. బొంగురు గొంతు. తల్లి రెండు చేతులూ చాచింది.

కింద బండి హారన్ కొట్టింది.

"పోతవా మరి?" అన్నాడు బుచ్చన్న.

"లేదన్నా. ఎగ్జిట్ తీసుకుంటా. పాపను చూడాల." ఆ మాట అన్నాక గుండె మీది బండరాయి దిగినట్టయి, ఖాజావలి ఏడుస్తూనే నవ్వాడు.

కడపలో చెప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు. ఫోటోలో నాయనకు ఒత్తు జుట్టు, వచ్చినాయనది బట్టతల. సాబేరా ఎగాదిగా చూసింది.

"ఎవురు కావాల? మా నాయన సౌదీలో ఉండాడు."

"పాపా, అన్నం తిన్యావా?" రోజూ ఫోన్లో అడిగే మాటే అడిగాడు.

సాబేరా వంటింట్లోకి పరిగెత్తింది. "అమా, ఫోన్లో నాయన ఇంటికొచ్చినాడు."