మోకాలి తప్పు

పది నెలల మా బుజ్జిదానికి చెవులు వినబడతాయో లేదో తేల్చే పరీక్ష అది. యూనివర్సిటీలో వినికిడి వైద్యం మీద పీజీ చదివే అమ్మాయి చేస్తోంది. పోయిన వారం శబ్దం వచ్చినప్పుడల్లా, భయంకొద్దీ, ఒళ్ళో ఉన్న పాపను మోకాలితో కదిపాను. పాప తల తిప్పింది. అందరూ బాగా వినబడుతోందన్నారు. నాకే ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఈరోజు రెండో విడత. గదిలోకి వెళ్ళకముందే, మోకాలితో కదిపిన సంగతి ఆ అమ్మాయికి చెప్పేశాను.

"ఏడో తరగతిలో చదువు మానేసినదాన్నమ్మా. పరీక్షంటే ఎలాగైనా పాసవ్వాలనుకున్నా."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "పాపతో కాపీ కొట్టించారా అక్కా! చెప్పి మంచిపని చేశారు. పోయినవారం లెక్క కొట్టేసి మళ్ళీ మొదట్నించి చేద్దాం."

శబ్దం ఎప్పుడొస్తుందో నాకు తెలియకుండా నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. పాప శబ్దం వైపు తిరిగితేనే మూలనున్న ఎలుగుబంటి బొమ్మలో దీపం వెలుగుతుందట. నేను కాళ్ళు నేలకు అదిమిపెట్టి, కొయ్యలా కూర్చున్నాను.

పాప తల తిప్పింది. దీపం వెలిగింది. కాసేపటికి మళ్ళీ వెలిగింది, ఆ తర్వాత మళ్ళీ.

హెడ్‌ఫోన్లు తీసేసరికి నాకు ముందుగా వినబడింది బొమ్మను చూసి మా బుజ్జిది కొడుతున్న కేరింతలు.