ముడుపు జాడీ

మా లసుమక్క మొగుడు పోశం చేతికి చిక్కని పైస ఆ ఇంట్లో ఒక్క చోటే ఉండేది. దేవుణ్ని పెట్టుకునే దేవునర్రలో పసుపు గుడ్డ కట్టి పెట్టిన జాడీలో. మిగతా ఎక్కడ దాచినా కనిపెట్టేవాడు. బియ్యం కుండలో దాస్తే అక్కడ, దిండు గలీబులో దాస్తే అక్కడ. తీసుకుని తిన్నగా కల్లు మండువాకు పోయేవాడు. తాగొచ్చి, పాపం, లసుమక్కతో కలిసి తనూ వెతికేవాడు. అంతటి మనిషి కూడా ఆ జాడీ జోలికి పోలేదు. అది వేములవాడ రాజన్న ముడుపు. దేవుడికని కట్టిన ముడుపు ముట్టుకుంటే చెయ్యి పడిపోతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

అది ముడుపు కాదని మాత్రం ఇద్దరికే తెలుసు. లసుమక్కకు, నాకు.

సిరిసిల్లలో మా రెండిళ్లకు నడుమ ఒకటే గోడ. మగవాళ్లు ఆసాముల మరమగ్గాల షెడ్లలో సాంచెలు నడిపేవాళ్లు. ఆడవాళ్లం అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. లసుమక్కకు ఒక్కడే కొడుకు, బాలకిషన్. ఇంటర్ దాకా చదివి, ఉద్యోగం దొరక్క తండ్రి పక్క సాంచె మీదే పనికి కుదిరాడు. ఒక రోజు టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకని పోయినవాడు తిరిగి రాలేదు. అడవికి పోయి అన్నల్లో కలిశాడని కబురొచ్చింది. టిఫిన్ డబ్బా ఆ తర్వాత ఎవరో తెచ్చిచ్చారు. అందులో అన్నం తినకుండా అలాగే ఉంది.

అప్పటి నుంచి పోలీసులకు ఆ ఇల్లు చుట్టాలిల్లు అయిపోయింది. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాళ్లు. పప్పూ ఉప్పూ కలిపి కింద పోసేవాళ్లు. మూడు పూటలా వెతికినా వాళ్లకు దొరికింది కారం డబ్బాలో కారమే.

జాడీ సంగతి మొదలైంది చందుర్తి గంగవ్వ వల్ల. గంగవ్వ లసుమక్కకు పుట్టింటి వైపు చుట్టం. ఆమె కొడుకూ అడవిలోనే ఉండేవాడు. జగిత్యాల అవతల ఎన్‌కౌంటర్‌లో పోయాడు. శవం తెచ్చుకోవడానికి జీపు కావాలి, జీపుకు డబ్బు కావాలి. గంగవ్వ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. ఇస్తే మన పేరెక్కడ రాసుకుంటారోనని అందరికీ భయం. చివరికి పుస్తె తాకట్టు పెట్టి పోయేసరికి పాతిపెట్టేశారు. మూడు మట్టి కుప్పలు చూపించి, అందులో ఏదో ఒకటి అన్నారట. ఏ కుప్ప మీద పడి ఏడవాలో తెలియక గంగవ్వ మూడింటి మీదా పడి ఏడ్చింది.

పరామర్శకు పోయొచ్చిన లసుమక్క ఆ పూట ముద్ద ముట్టలేదు. తెల్లవారి మామిడికాయ తొక్కు జాడీ ఖాళీ చేసి, బూడిదతో తోమి, ఎండలో పెట్టింది. బీడీల మీద వచ్చిన చిల్లర అందులో వేసింది. పాత తెల్లచీర ముక్కను పసుపులో ముంచి మూతికి కట్టి, నన్ను లోపలికి పిలిచింది.

"రత్నా, నా కొడుకు ఎన్నడో ఒకనాడు పోతడు. నేను ఆపలేను. గాని వాణ్ని కుక్కను పాతినట్టు పాతనియ్య. ఇంటికి తెచ్చుకుంట, కట్టెల మీద పెడ్త. గిది దానికి. నేను లేనినాడు వార్త వస్తె నువ్వు తీస్కపో."

నేను చెయ్యి అడ్డం పెట్టాను, అలాంటి మాట నోటి నుంచి రానివ్వకూడదని. ఆమె నా చెయ్యి తీసేసింది. మరి పసుపు గుడ్డ ఎందుకు కట్టావని అడిగితే మొగుడు పడుకున్న అర్ర వైపు తల ఊపింది. రాజన్న పేరు వాడుకున్నందుకు రాజన్నే తనను క్షమించాలని, ఆయనకూ బిడ్డలున్నారు కదా అని అంది. ఆయనకు ఉన్నారు, నిజమే. ఇప్పుడైతే ఆ దేవుడి మీద నాకు కోపం లేదని నేను చెప్పను.

జీపు ఓదెలుతో కూడా ముందే మాట్లాడి పెట్టుకుంది. ఓదెలు చెడ్డవాడు కాదు. కిందటేడు ఇలాగే ఒక శవాన్ని తెస్తే పోలీసులు అతని జీపును నెలల తరబడి స్టేషన్లో పెట్టుకున్నారు. జీపు అప్పు ఇంకా తీరలేదు. కిరాయి ముందే చేతిలో పెడితే ఎక్కడికైనా వస్తానని, అరువుకు మాత్రం రానని ఖండితంగా చెప్పాడు.

కిరాణా కొట్టు కనకయ్యకు చిల్లర ఎప్పుడూ కరువే. జాడీలో చిల్లర ఇస్తే నోట్లిస్తానని ఎన్నోసార్లు అడిగాడు. లసుమక్క ఒప్పుకోలేదు. ఆ బరువంతా ఎందుకు మోస్తావు, నోట్లయితే రవికలో పడతాయి కదా అని నేను కూడా సణిగాను.

"పాడె ముంగట ఏం జల్లుతరు రత్నా, నోట్లు జల్లుతరా?" అంది.

మా దగ్గర శవం లేచిందంటే ఇంటి నుంచి వల్లకాడు దాకా పేలాలు, చిల్లర కలిపి చల్లుకుంటూ పోతారు. ఎంత పేదవాడైనా ఆ ఒక్క పూట దారి పొడుగునా పైసలు వెదజల్లుతూ పోతాడు. లసుమక్క దానికి కూడా కలుపుకునే కూడబెట్టింది.

ముడుపు అన్న మాట ఎంత గట్టిగా పని చేసిందంటే, ఒకసారి సోదాకు వచ్చిన పోలీసాయన దేవునర్రలోకి బూట్లతోనే వచ్చి, జాడీ మీద చెయ్యి వేసి, పసుపు గుడ్డ చూసి వెనక్కి తీసుకున్నాడు. ఎవరిదని అడిగాడు. రాజన్నదని లసుమక్క చెప్పింది. ఆయన ఆ చెయ్యినే కళ్లకద్దుకుని బయటికి పోయాడు. పోతూ పోతూ నీళ్ల కుండ తన్ని పోయాడనుకోండి, అది వేరే సంగతి.

పోశం బావ అయితే సరే సరి. కల్లు తాగగా మిగిలిన చారాణనో ఆఠాణనో ముందు ఒక కంటికి, తర్వాత ఇంకో కంటికి అద్దుకుని, గుడ్డ కొంచెం పక్కకు జరిపి జాడీలో వేసేవాడు. కొడుకును చల్లగా చూడమని మొక్కేవాడు. లసుమక్క ఆ చప్పుడు విన్నప్పుడల్లా తల వంచుకుని బీడీలు చుట్టేది. ఆయనకు చెప్పేయమని నేను అంటూనే ఉన్నాను. మండువాలో నోరు జారుతాడని ఆమె భయం. పైగా, మొగుడి దగ్గర మిగిలిన ఆశ అదొక్కటేనట. అది కూడా గుంజుకోలేనంది.

ఎండాకాలంలో ఒక సోమవారం నాడు మేమిద్దరం కంపెనీలో బీడీలు అప్పజెప్పి వచ్చేసరికి జాడీ లేదు. అది ఉన్న చోట గూట్లో గుండ్రంగా దుమ్ము లేని మచ్చ మిగిలింది. మొగుడు కల్లుకే పట్టుకుపోయాడనుకుంది లసుమక్క. నేను కొంగు నడుముకు చుట్టి మండువాకు ఉరికాను. అక్కడికి రాలేదన్నారు. అక్కడికి పోయి ఉంటేనే బాగుండేది. సగమన్నా గుంజుకొచ్చేదాన్ని.

పొద్దుగూకే వేళకు వచ్చాడు పోశం బావ. నున్నటి గుండు, నుదుటి నిండా విభూతి. చేతిలో జాడీ ఉంది. జాడీలో కొబ్బరి చిప్ప, బెల్లం ముక్క ఉన్నాయి. చుక్క తాగలేదు. పొద్దున షెడ్డులో ఎవరో చెప్పారట, కోరుట్ల అవతలి గుట్టల్లో అన్నలను చుట్టుముట్టారని, అందులో బాలకిషన్ కూడా ఉన్నాడని. సాంచె బందు పెట్టి ఇంటికొచ్చి, జాడీ నెత్తిన పెట్టుకుని వేములవాడ బస్సెక్కాడు. జాడీలో చిల్లరంతా గుడ్డతో సహా హుండీలో పోసి, తల వెంట్రుకలిచ్చి వచ్చాడు.

"రాజన్నకు అప్పజెప్పచ్చిన లసుమా. ఇగ వానికేం గాదు" అన్నాడు.

లసుమక్క జాడీ వైపు చూసింది. కొబ్బరి ముక్క ఇస్తే చేతిలోకి తీసుకుంది. ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. పోశం బావను తిడదామంటే, ఆ మనిషి జన్మలో తాగకుండా చేసిన మంచి పని అదొక్కటే.

మంగళవారం పొద్దున మా ఆయన చాయ్ హోటల్ నుంచి పేపరు పట్టుకుని ఉరికొచ్చాడు. ముగ్గురు చనిపోయారు. సిరిసిల్ల బాలకిషన్ పేరుంది. ఆదివారం కాల్చారట. అంటే పోశం బావ వేములవాడలో తల వంచి గుండు కొట్టించుకునేటప్పటికే కొడుకు చచ్చి ఒక రోజు దాటింది. శవాలను కోరుట్లకు తెచ్చి పెట్టారని రాసి ఉంది.

పోశం బావ నేల మీద కూలబడి, ముడుపు కట్టినా ఇట్లెందుకైందని రాజన్నను అడుగుతూ తల బాదుకోసాగాడు. అప్పుడు లసుమక్క చెప్పింది.

"అది రాజన్నది గాదయ్యా. వాని పీనుగును తెచ్చుకునుడుకు పెట్టిన."

ఆయన బాదుకోవడం ఆపేశాడు. బోడితల మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి లేచి, అంగీ కూడా వేసుకోకుండా ఆసామి ఇంటికి పోయాడు. ఆసామి లేడని లోపలి నుంచి ఆసామే చెప్పాడట. ఓదెలును అడిగితే తల దించుకుని, కనీసం కిరాయన్నా చేతిలో పెట్టమన్నాడు.

నేను మా బిడ్డ పైసలు దాచుకునే గల్లగురిగి తెచ్చి అరుగు మీద పగలగొట్టాను. అది ఏడ్చింది, ఏడవనిచ్చాను. ఆ చప్పుడుకు ఎదురింటి సాయవ్వ కిటికీ తెరిచి చూసి, పోపు డబ్బాలో దాచుకున్నది తెచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పసుపు డబ్బా, పౌడరు డబ్బా, పాత హార్లిక్స్ సీసా, చీర కొంగు ముడి. వాడకట్టు మొదట్లో పోలీసులు నిలబడి ఉన్నారు కాబట్టి ఎవరూ ముందు వాకిలి నుంచి రాలేదు. దొడ్డి దారిన, గోడ దూకి, ఒకరు పోయాక ఒకరు వచ్చారు. అందుకే ఆలస్యమైంది. ఎవరినీ తప్పు పట్టను. భయంతోనైనా వచ్చారు. మూట కట్టి ఓదెలు చేతిలో పెట్టేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

ఓదెలు వెనక సీట్లు మడిచి, శవానికని గడ్డి పరిచాడు. లసుమక్క, పోశం బావ, నేను ఎక్కాం. కోరుట్ల చేరేసరికి ఎండ వాలుతోంది. శవాలు అక్కడ లేవు. ఊరి బయటికి పొమ్మన్నారు.

అక్కడ ఒక కుర్ర పోలీసు పార మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "పన్నెండు దాక చూసినం అవ్వా. వాసనస్తుండె. ఎవ్వలు రాకపాయె" అన్నాడు. నేల చూస్తూనే అన్నాడు.

గంగవ్వకు వచ్చిన చిక్కు లసుమక్కకు రాలేదు. ముగ్గురినీ ఒకటే గుంటలో పెట్టారు.

తవ్వి ఇవ్వమని లసుమక్క అడిగింది. మొహం ఒక్కసారి చూసి మళ్లీ పూడుస్తామంది. పైనుంచి ఆర్డరు తేవాలన్నాడు. ఆ ఆర్డరు ఎవరిస్తారంటే అతనికీ తెలియదు. ఆమె మట్టి మీద కూర్చుని రెండు చేతులతో గీరడం మొదలుపెట్టింది. శవాల మీద పోసిన సున్నం పైకి వచ్చింది. నేనూ ఆ పోలీసు పిల్లవాడూ చెరో రెక్క పట్టుకుని లేపాం. పోశం బావ దూరంగా నిలబడి ఉన్నాడు, దగ్గరికి రావడానికి తనకు హక్కు లేనట్టు.

జీపు దగ్గరికి వచ్చాక ఓదెలు మూట తెచ్చి లసుమక్క ఒళ్లో పెట్టాడు. "పిలగాన్ని తేకపోతిమి, కిరాయేంది పెద్దవ్వా" అన్నాడు. మేము ముగ్గురం గడ్డి మీద కూర్చోలేదు. దాని చుట్టూ అంచుల మీద ఒదిగి కూర్చున్నాం.

జీపు కదలగానే లసుమక్క మూట విప్పింది. పిడికెడు చిల్లర తీసి వెనక నుంచి రోడ్డు మీదికి చల్లింది. ఓదెలు అద్దంలో చూసి, అడగకుండానే ఊళ్లు వచ్చినప్పుడల్లా నెమ్మదిగా పోనిచ్చాడు, మనిషి నడిచినంత నెమ్మదిగా. ప్రతి ఊరి మొదట్లో ఒక పిడికెడు, చివర ఒక పిడికెడు. రుద్రంగిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు పైసల చప్పుడు విని తిరిగి చూశారు. జీపులో శవం లేదు, ఖాళీ గడ్డి ఉంది. వాళ్లకు అర్థమైంది. మగవాళ్లు తలల మీది తువ్వాళ్లు తీశారు. పిల్లలు ఏరుకోవడానికి ముందుకు ఉరికితే పెద్దవాళ్లు రెక్క పట్టి ఆపారు. చందుర్తిలోనూ అలాగే నిలబడ్డారు.

వేములవాడ వచ్చేసరికి గుడి మీద దీపాలు వెలిగాయి. లసుమక్క అటు చూడలేదు. పోశం బావ చూశాడు. చూసి గట్టిగా ఏడ్చాడు, పొద్దుటి నుంచి మొదటిసారి. తన వల్లనే, తన చేతులారా చేశానని ఏదేదో అన్నాడు. లసుమక్క ఆయన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పిడికెడు చిల్లర పోసింది.

"చల్లు. నీ కొడుకు పోతున్నడు."

పోశం బావ ఆ పిడికిలి వైపు చూసుకున్నాడు. అలవాటు కొద్దీ ముందు ఒక కంటికి, తర్వాత ఇంకో కంటికి అద్దుకున్నాడు. ఆ తర్వాత చల్లాడు.