బొడ్డున్న స్వరూపం

నేను ఒక పనసచెక్క స్వరూపాన్ని. సిలువ మీద ప్రాణం విడిచిన యేసు ప్రభువు స్వరూపాన్ని. ఏడాది పొడవునా పెట్టెలో పడుకుని, గుడ్ ఫ్రైడే ఒక్కనాడు లేచే బతుకు నాది. లేవడమంటే నా అంతట నేను లేవను లెండి, నలుగురు మోస్తే లేస్తాను. ఆ పూట నన్ను చూసి ఊరంతా కళ్ళు తుడుచుకుంటుంది. మర్నాడు పెట్టెలో పెట్టి మూత వేస్తారు. ఈస్టరు నాడు లేచే ప్రభువు స్వరూపం వేరే ఉంది. ఆయన జెండా పట్టుకుని పీఠం మీద నిలబడతాడు. పండగ ఆయనది, పెట్టె నాది.

నన్ను చెక్కింది నరసాచారి. పల్నాడులోని ఉప్పలవారిపాలెంలో బండి చక్రాలూ, తలుపులూ చేసే వడ్రంగి. ఆయన క్రైస్తవుడు కాడు, అంతకుముందు ఏ దేవుణ్ణీ చెక్కినవాడూ కాడు. గుడి పెద్దలు వచ్చి అడిగితే మొహమాటానికి ఒప్పుకున్నాడు. తమ్ముణ్ణి అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టి తాడుతో కొలతలు తీసుకున్నాడు. ఆ తమ్ముడు మరీ బక్కపలచన. అందుకే నా పక్కటెముకలు అలా పైకి తేలి ఉంటాయి. తమ్ముడికి ఉన్నవన్నీ నాకూ పెట్టుకుంటూ పోయాడు. మోకాలి చిప్పలు, గొంతు కింద గుంట, పొట్ట మీద లోతైన బొడ్డు. గుడ్ ఫ్రైడే సాయంత్రం నన్ను సిలువ మీంచి దించి ఊరేగించేటప్పుడు చేతులు వాలాలి కదా, భుజాల దగ్గర తోలు పట్టీలు వేశాడు.

గొడవంతా బొడ్డు దగ్గరే వచ్చింది.

"ఏందయ్యా ఇది? దేవుడికి బొడ్డేంది?" అన్నారు గుడి పెద్ద బాలశౌరి గారు, నన్ను చూసీ చూడగానే.

పిల్లలకి జపాలు నేర్పే ఉపదేశి ఇన్నయ్య పక్కనే ఉన్నాడు. "పుట్టినాయనే గదండీ. పశువుల కొట్టంలో పుట్టాడని క్రిస్మస్‌కి పాక వేసేది మనమే గదా!"

"పుట్టాడు, కాదన్లా. అందర్లా పుట్టాడా? పరిశుద్ధాత్మ వల్ల పుట్టాడు."

"ఎవరి వల్ల పుట్టినా, తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఉన్నాడు గదండీ."

తగవు ఫాదర్ గారి దాకా వెళ్ళింది. ఆయన నా పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పారు. "మన తిరుసభ పెద్దలు ఈ సంగతి ఎప్పుడో తేల్చారు బాలశౌరి గారూ. ప్రభువు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. సగమూ సగమూ కాదు. ఆయనకి ఆకలేసింది, నిద్రొచ్చింది, స్నేహితుడు పోతే ఏడ్చాడు. పాపం ఒక్కటి తప్ప మనకున్నవన్నీ ఆయనకీ ఉన్నాయి."

"పూర్తిగా మనిషే ఫాదర్, నేను మాత్రం కాదన్నానా? ఆ బొడ్డొక్కటి వద్దంటున్నా."

ఫాదర్ గారు నవ్వాపుకోలేకపోయారు. కానీ గుడి కప్పు కురుస్తోంది, దాని మరమ్మతు బాలశౌరి గారు పూనుకుంటే తప్ప కాదు. అందుకని ఊరుకున్నారు. తలుపుల పగుళ్ళకి పెట్టే లప్పం తెచ్చి నా బొడ్డు పూడ్చేశారు. పైన ఒంటిరంగు పూశారు. "మీ దేవుడు, మీ ఇష్టం" అని నరసాచారి ఉలి సర్దుకుని వెళ్ళిపోయాడు.

పెట్టెలో నాకు ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. దేవుడు మనిషిగా దిగివచ్చాడంటే వీళ్ళకి మహా సంతోషం. మరీ అంత దగ్గరికి వస్తే మాత్రం కంగారు పడతారు. ఆ కంగారు నా పొట్ట మీద లప్పమై గట్టిపడింది, పైన రంగు పెచ్చులూడుతున్నా అది ఊడలేదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం నన్ను సిలువకు ఎక్కించేముందు, పీఠం వెనక గదిలో తలుపేసి నాకు స్నానం చేయిస్తారు. మొదట్లో అది దుమ్ము వదిలించే పనే. తర్వాత ఒకే ఇంటి ఆడవాళ్ళకి హక్కయి కూర్చుంది. అత్త తర్వాత ఆ హక్కు కోడలు శౌరమ్మకి వచ్చింది. ఆమె మెత్తని గుడ్డతో, వేలికొసలతో కడిగేది. దేవుడన్న భయం. నా మొహంలోకి ఒక్కసారైనా సూటిగా చూసేది కాదు.

శౌరమ్మకి ఒక్కడే కొడుకు, రాయప్ప. బోరు లారీ మీద పనికి ఒడిశా వెళ్ళాడు. గొట్టం పైకెత్తుతుంటే కరెంటు తీగ తగిలి పోయాడు. ఎండలు మండిపోతున్నాయని, దూరమని, తోటివాళ్ళు అక్కడే పూడ్చేసి కబురు చేశారు. ఆమె కొడుకు ఒంటి మీద చెంబెడు నీళ్ళు పోయలేదు, మొహం తుడవలేదు. అప్పటినుంచి ఆమెకు ఏడుపూ రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు వాళ్ళే ఏడ్చి వెళ్ళేవాళ్ళు.

మళ్ళీ గుడ్ ఫ్రైడే వచ్చింది. నన్ను కడగడానికి రానని చెప్పి పంపింది. ఇన్నయ్య వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు. గది గుమ్మంలో నిలబడి, "నీ బాధ ప్రభువుకి తెలుసమ్మా. ఆయనా పడ్డాడు గదా" అన్నాడు.

"ఆయనకేం తెలుసు ఇన్నయ్యా?" అంది శౌరమ్మ. "మూడోనాడు లేస్తానని ఎరిగే పోయాడు. నా బిడ్డకి తెలుసా? దేవుడు చచ్చిపోవడం ఒక చావా?"

ఇన్నయ్య తల వంచుకుని గుమ్మం దిగాడు. తలుపు వేసుకుని ఆమె బకెట్టు ముందుకు లాక్కుంది. మెత్తని గుడ్డ పక్కన పడేసి కొబ్బరిపీచు తీసుకుంది. ఆ రోజు ఆమె నన్ను కడగలేదు, గిన్నె తోమినట్టు తోమింది. రంగు లేచిపోయింది. పొట్ట దగ్గరకొచ్చేసరికి లప్పం పెళ్ళగా ఊడి నేల మీద పడింది.

శౌరమ్మ చెయ్యి ఆగిపోయింది. చూపుడువేలు ఆ గుంటలో పెట్టి తడిమి చూసింది.

"నీకూ ఉందా అయ్యా?" అంది మెల్లగా. "నువ్వూ ఒక తల్లి పేగు తెంచుకుని పడ్డావా? అయితే భయమేసే ఉంటది నీకు. తెలిసినా, తెలీకపోయినా భయమేసే ఉంటది."

ఆపైన పీచు వదిలేసి ఉత్త చేతుల్తో కడిగింది. చెవుల వెనక కడిగింది, కాలివేళ్ళ సందులు కడిగింది, నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఉన్నట్టుండి "నాయనా రాయప్పా" అని బావురుమంది. ఏడాదిగా గడ్డకట్టుకుపోయిన ఏడుపంతా నా మీద కురిసింది. పలకడానికి నాకు నోరుంటే ఎంత బాగుండు! ఆ పూట నా చెక్కతనానికి నాకు సిగ్గేసింది.

తలుపు తోసుకుని బాలశౌరి గారు వచ్చారు, అప్పటికి బాగా పెద్దవారైపోయారు. నేల మీద లప్పం పెళ్ళ చూసి విషయం గ్రహించారు. "ఊరేగింపు వేళయింది. ఎవరన్నా వెళ్ళి లప్పం డబ్బా తెండ్రా" అని కేకేశారు.

శౌరమ్మ నా పొట్ట మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "వాళ్ళమ్మనడిగి పూడ్చు బాలశౌరి మామా."

డబ్బా తెచ్చినవాణ్ణి ఆయనే వెనక్కి పంపేశారు. ఆ సాయంత్రం నేను బొడ్డుతోనే సిలువ ఎక్కాను, బొడ్డుతోనే దిగాను. ఆడవాళ్ళు చాలామంది గాయాలతోపాటు దాన్నీ ముద్దుపెట్టుకున్నారు.

పెద్దలు ఆమెతో వాదించలేదు. మరుసటి ఏటికి విజయవాడ నుంచి కొత్త ఫైబరు స్వరూపం తెప్పించారు. తెల్లని ఒళ్ళు, ప్రశాంతమైన మొహం, రొమ్ము దాకా వస్త్రం. దానికి స్నానం అక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. నన్ను గంట గోపురం కింద గదిలో, విరిగిన బెంచీల పక్కన, కాలూడిన క్రిస్మస్ ఒంటెకి ఆనించి పడుకోబెట్టారు. పెట్టె కూడా లేదు.

కానీ ఏటా గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, జనమంతా గుళ్ళో పాటలు పాడుతుంటే, ఈ గది తలుపు కిర్రుమనేది. శౌరమ్మ బకెట్టుతో వచ్చేది. కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసి, ఊరి కబుర్లు చెప్పి వెళ్ళేది. చివర్లో నడుం వంగిపోయినా వచ్చింది.

ఒక వానాకాలం నా నెత్తిన చావుగంట మోగింది. అది శౌరమ్మ కోసమని తాడు లాగినవాళ్ళ మాటల్లో విన్నాను. ఆ తర్వాతి గుడ్ ఫ్రైడేకి పాటలు వినిపించాయి, తలుపు మాత్రం కదలలేదు. ఇప్పుడు నా ఒంటి మీద దుమ్ము పేరుకుంది, బొడ్డు నిండా దుమ్మే. ఎవరూ పూడ్చకుండానే పూడుకుపోతోంది. ఆమెను ఎవరు కడిగారో, చెవుల వెనక కడిగారో లేదోనని దిగులుగా ఉంటుంది.

నేను ప్రభువును కాను, ఆయన బొమ్మను. చెక్కకు తల్లి ఉండదు. నాకు మాత్రం ఏడాదికొక్క పూట ఉండేది.