అమ్మ నవ్విన చోటు

నేను ఒక పాటల డబ్బాను. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. ఎంపీత్రీ ప్లేయర్ అన్నది మా ఇంటిపేరు. నాకు తెర లేదు, రేడియో లేదు. వీపున ఒక క్లిప్పు, ముఖాన ఐదు బొత్తాలు, కడుపులో చిన్న బ్యాటరీ, అంతే. జాలి అనే భాగాన్ని నాలో ఎవరూ బిగించలేదు. కాబట్టి ఈ కథ చెబుతూ నేను ఎక్కడైనా గొంతు పూడుకుపోయి ఆగుతానని ఎదురుచూడకండి. ఆ పని మీరే చూసుకోండి.

నన్ను చేసిన చోట టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని ఉండేవారు. నా క్లిప్పు బిగించిన పిల్ల ఆవలిస్తూ బిగించింది. నాలోంచి ఒక్క పాటైనా వినలేదు. అక్కడి నుంచి అట్టపెట్టెలో కుక్కి, ఓడలో, లారీలో తెచ్చి హైదరాబాదు కోఠీలో ఒక దుకాణంలో అద్దం కింద పడుకోబెట్టారు. అక్కడికి వచ్చాడు వీరభద్రం సారు.

ఆయన సైక్లింగ్ కోచ్. వానాకాలం ట్రాక్ తడిసిపోతుంది కాబట్టి నాలుగైదు నెలలు హాస్టల్ షెడ్డులోనే పిల్లల చేత సైకిలు తొక్కిస్తాడు. మూడు ఉక్కు రోలర్ల మీద సైకిలు నిలబెట్టి తొక్కాలి. గంటసేపు తొక్కినా సైకిలు అంగుళం ముందుకు పోదు. తొక్కడం ఆపితే మాత్రం పక్కకు పడుతుంది. ఆ గంటసేపు చెవిలో పాట ఉంటే కాళ్ళు లయ తప్పవని సారు నమ్మకం.

దుకాణం ఖలీల్ భాయ్ మంచి మంచివన్నీ పరిచాడు. సారు ముందు తెరలున్న వాటిని పక్కకు నెట్టాడు. "తెర ఉంటే దాన్ని చూస్తూ కూర్చుంటారు." వేలితో తాకితే పలికేవాటిని నెట్టాడు. "చెమట చేతికి ఇవి పలకవు." ఫోను మాట ఎత్తితే అసలు వినలేదు. నా వంతు వచ్చింది. జేబులోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి వేళ్ళకు రాసుకుని, కళ్ళు మూసుకుని నా బొత్తాలు తడిమాడు. కాలరుకు తగిలించుకుని దుకాణంలోనే నిలబడి పరుగెత్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదు. నేను జారలేదు.

"ఇలాంటివి మూడివ్వండి" అన్నాడు.

"పరీక్ష ఒక్కదానికే చేసిన్రు గద సార్, మూడెందుకు?"

"అసలు పరీక్ష ఇంకా కాలేదు. రెండు చస్తాయి."

హాస్టల్‌కు వెళ్ళగానే గ్లాసెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి మా ముగ్గురినీ ముంచాడు. చెమటలో ఉప్పుంటుంది కదా, ఏది తట్టుకుంటుందో చూడాలట. రోజంతా కిటికీలో ఆరబెట్టి సాయంత్రం బొత్తాం నొక్కాడు. మా అన్నదమ్ములిద్దరూ పలకలేదు. నేను పాడాను. వాళ్ళను చెత్తబుట్టలో వేసి, నన్ను రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు!

ఆ ఏడు హాస్టల్‌కు కొత్తగా ముగ్గురు ఆడపిల్లలు కూడా వచ్చారు. వాళ్ళనూ ఇలాగే వడగట్టాడు. నెల తిరిగేసరికి ఇద్దరు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. మిగిలిన పిల్ల పేరు రవళి. నన్ను ఆమె కాలరుకు తగిలించాడు.

రవళిది కామారెడ్డి దగ్గర పల్లె. తల్లి కనకవ్వ బీడీలు చుట్టి పెంచింది. ఆ ఎండాకాలమే ఊపిరితిత్తులు చెడి చనిపోయింది. దసరా దాటాక రాష్ట్ర జట్టుకు ఎంపిక. అందులో నెగ్గితే రవళికి హాస్టల్ సీటు ఉంటుంది. నెగ్గకపోతే చిన్నమ్మ ఇంటికి వెళ్ళి బీడీల చాట ఒళ్ళో పెట్టుకోవాలి. తల్లిని మింగిన చాట అది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, సారుకూ తెలుసు. తెలిసినవాడి చేతిలో అది మంచి కర్ర.

"నీకు బాగా ఇష్టమైన పాట ఏదమ్మా?" అని అడిగాడు సారు, నన్ను తగిలించిన రోజు.

రవళి చున్నీ కొంగున కట్టుకున్న చిన్న మెమరీ కార్డు విప్పి ఇచ్చింది. అందులో కనకవ్వ పాట ఉంది. చిన్నమ్మ సత్తవ్వ ఒకనాడు ఫోనులో పట్టి ఉంచింది. పుట్టింటికి పోయే తొవ్వ గురించి పాట. వెనకాల బీడీలకు తునికాకు కత్తిరించే చప్పుడు లయగా వినిపిస్తూ ఉంటుంది. నడుమ ఒకచోట కనకవ్వకు దగ్గు వస్తుంది. పాట ఆగదు, దగ్గి మళ్ళీ అందుకుంటుంది.

మొదటి రోజు ఆ దగ్గు దగ్గరికి రాగానే రవళి కాళ్ళు ఆగిపోయాయి. సైకిలుతో సహా పక్కకు పడింది. మోచెయ్యి దోక్కుపోయింది.

"ఆ దగ్గు కత్తిరించేస్తానమ్మా, నిమిషం పని" అన్నాడు సారు.

"వద్దు సార్. గది గూడ మా అమ్మనే."

సారు ఆమె మాట తీసెయ్యలేదు. దగ్గును కత్తిరించలేదు. పాట మొత్తాన్నీ కొంచెం తొందర చేశాడు, అంతే.

ఆయన పద్ధతి అది. పాటలో దరువు పడినప్పుడల్లా కాలు దిగాలి. ప్రతి ఆదివారం నన్ను కంప్యూటరుకు తగిలించి పాటలన్నిటికీ రవ్వంత వేగం పెంచేవాడు. రవ్వంతే. ఎవరికీ తెలియనంత. పాట పరుగెత్తితే గొంతు కూడా సన్నబడుతుంది. అదీ రవ్వంతే. అబద్ధం చెప్పడానికి ఇంత ఓపిక మనిషికే ఉంటుంది. ఆ అబద్ధాన్ని రోజుకు రెండు పూటలా చెవిలో పోసింది మాత్రం నేనే.

పాట అదే అనుకుంది రవళి. వారం వారం కాళ్ళు అందుకోలేకపోతుంటే తప్పు తనదే అనుకుంది.

"పాట గదే సార్. నేనే ఎనుకవడుతున్న" అంది ఒకరోజు, రొప్పుతూ.

సారు స్టాప్‌వాచీ మీంచి కళ్ళెత్తలేదు. "అవును, నువ్వే."

శ్రావణం పోయేసరికి కుడి మోకాలు వాచింది. నొప్పి అని చెప్పింది. సారు ఐసుముక్క గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఇస్తూ నెమ్మదిగా అన్నాడు. "మీ అమ్మ దగ్గుతూ కూడా పాట ఆపలేదు. నువ్వు మోకాలికి ఆపేస్తావా? ఆపేయ్ అయితే. చాట ఎటూ కాచుకుని ఉంది." రవళి గుడ్డ విప్పి పక్కన పెట్టి మళ్ళీ ఎక్కింది. ఆయన్ని అందరూ మంచి కోచ్ అంటారు, నిజమే.

ఈలోపల నాలో కనకవ్వ వయసు తగ్గుతూ వచ్చింది. నలభై దాటిన మనిషి ముప్ఫైకి దిగింది. వినాయక చవితికి పాతికేళ్ళ గొంతయింది. దసరా దగ్గరపడేసరికి పదిహేనేళ్ళ పిల్ల. తునికాకు కత్తిరింపు చిటికెలు వేస్తున్నట్టు వినిపించేది. ఇక ఆ దగ్గు కుంచించుకుపోయి కుంచించుకుపోయి, పాడుతూ పాడుతూ ఎవరో కిసుక్కున నవ్వినట్టు అయిపోయింది. మొదటి వారం ఆ చోట రవళి పళ్ళు బిగించేది. తర్వాత ఊరికే తొక్కేది. చివరికి ఆ చోటు రాగానే తనూ నవ్వేది.

ఒకనాడు గదిలోని పిల్ల చెవిలో పెట్టి వినిపించింది కూడా. "మా అమ్మ పాడుకుంట పాడుకుంట ఒక్కతాన నవ్వుతది సూడు."

"చిన్నపిల్ల లెక్కున్నదే మీ అమ్మ!" అంది ఆ పిల్ల. రవళి ముఖం వెలిగిపోయింది. నాకు నిజం తెలుసు. చెప్పడానికి నాకు సొంత గొంతు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు.

ఎంపిక రోజున ట్రాక్ మీదికి నన్ను రానివ్వలేదు. చెవిలో ఏదీ ఉండకూడదని నియమం. సారు నన్ను పిడికిట్లో పట్టుకుని గట్టున నిలబడ్డాడు. రవళి పెదాలు కదులుతూనే ఉన్నాయి. పాట తనలోనే తిరుగుతోంది, సారు పెంచిన వేగంతోనే. రెండో స్థానంలో వచ్చింది. జట్టులో పేరు పడింది, సీటు దక్కింది.

చూడడానికి కామారెడ్డి నుంచి సత్తవ్వ వచ్చింది. షెడ్డులో బెంచీ మీద కూర్చుని, తెచ్చిన మక్కగారెలు అందరికీ పంచింది. రవళి తల నిమిరి కళ్ళు తుడుచుకుంది.

"మీ అమ్మ గూడ ఉండాలె బిడ్డా ఈ యాల్ల" అంటూ తన ఫోను తీసి పాట పెట్టింది.

రవళి తింటూ తింటూ కాసేపు వింది. "ఎవలు చిన్నమ్మా పాడేది?"

"ఎవలేంది? మీ అమ్మనే."

"కాదు. అమ్మ గింత మెల్లగ పాడది. ఇది ఎవలో ముసలామె."

సత్తవ్వ ఆమె ముఖంలోకి చూసింది. పిల్ల ఎగతాళి చేస్తోందనుకుంది. ఎగతాళి కాదని అర్థమై ఫోను చేతిలో పెట్టింది. రవళి చెవికి ఆనించుకుంది. పుట్టింటి తొవ్వ సగం గడిచింది.

"అమ్మనే అయితే ఇగో, ఇక్కడ నవ్వుతది సూడు" అంది.

ఫోనులో దగ్గు వచ్చింది. పొడుగ్గా, తడిగా, రొమ్ము లోపలి నుంచి. ఆగి, మళ్ళీ వచ్చింది. తర్వాత పాట.

"నవ్వుడేంది బిడ్డా" అంది సత్తవ్వ. "దగ్గు గది. గా దగ్గుతోనే గద పాయె."

రవళి చేతిలోని గారె బెంచీ మీద పెట్టేసింది. తలతిప్పి సారు వైపు చూసింది. సారు నన్ను రుమాలుతో తుడుస్తున్నాడు. ఆ చూపు ఏమడుగుతోందో ఆయనకు తెలుసు. తప్పించుకోలేదు.

"సెలెక్టయ్యావా లేదా? అది చెప్పు."

రవళి చేతి నూనె తుడుచుకుని అంది. "అయిన సార్."

ఆ తర్వాత ఆమె నన్ను మళ్ళీ చెవిలో పెట్టుకోలేదు. సత్తవ్వ ఫోనులో ఉన్నదీ వినలేదని విన్నాను. ఒకటి అబద్ధం, ఇంకొకటి పరాయి గొంతు. మనసుకు పట్టేది ఏదీ మిగల్లేదు. రెండేళ్ళు జట్టులో తొక్కింది. మూడో ఏడు మోకాలు పూర్తిగా పోయింది. హాస్టల్ వాళ్ళు మంచివాళ్ళు, చిన్నపిల్లలకు నేర్పమని అక్కడే ఉంచుకున్నారు. ఇన్నేళ్ళూ నేను సారు బల్ల సొరుగులో స్టాప్‌వాచీ పక్కన పడుకున్నాను.

మొన్న సారు రిటైరయ్యాడు. బల్ల, సొరుగు, నేను, అన్నీ రవళి చేతికి వచ్చాయి. నేను చెత్తబుట్టకే పోతాననుకున్నాను. న్యాయంగా అయితే గోడకేసి కొట్టాలి నన్ను. ఆమె నన్ను కంప్యూటరుకు తగిలించింది. ఒకరి పాటలు ఇంకొకరికి పనికిరావని సారు పెట్టిన నియమం ఉంది. కనకవ్వ పాట మీద వేలు ఒక్క క్షణం నిలిచింది. తర్వాత అన్నిటితో పాటు దాన్నీ చెరిపేసింది. కడుపు ఖాళీ అయితే నాకేమీ బాధ ఉండదు, ముందే చెప్పాను కదా.

బల్లకు అవతల కొత్త పిల్ల నిలబడి ఉంది. అచ్చంపేట వైపు నుంచి వచ్చింది, కొత్త చోటి భయం ఇంకా పోలేదు. చేతిలో మెమరీ కార్డు.

"మా తాత పాట అక్కా. మొన్ననే పోయిండు. ఇది ఒక్కటే ఉన్నది మాకు."

రవళి కార్డు అందుకుని పాట నాలో వేసి, చెవుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చివరిదాకా వింది. ఆమె ముఖం మెత్తబడుతుందేమోనని పిల్ల చూస్తూ నిలబడింది. రవళి చూపుడువేలు మాత్రం బల్ల మీద దరువు లెక్కపెడుతూనే ఉంది.

"మంచిగున్నది" అంది కళ్ళు తెరిచి. "జెర మెల్లగున్నది, గంతే."