సర్దుకుపో అన్న మాట

కాపురంలో కష్టమొచ్చి కళ్ళు తుడుచుకుంటూ మా గడప తొక్కిన ప్రతి ఆడపిల్లకీ నేనిచ్చిన మందు ఒకటే, "సర్దుకుపోవే" అని. దేవికకైతే తొమ్మిదేళ్ళుగా అదే పోశాను. శావల్యాపురంలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ ఒకటే. వరసకు ఏమీ కాకపోయినా నన్ను పిన్నీ అనే పిలుస్తుంది.

మొన్న శ్రావణంలో వాళ్ళాయన పవన్, ఆమె బట్టల సంచి అరుగు మీదికి విసిరేసి, ఆమెను బయటికి నెట్టి, తలుపుకు తాళం వేసి చిలకలూరిపేట మిల్లుకు డ్యూటీకి పోయాడు. కుట్టుమిషను లోపలే ఉండిపోయింది. దాని మీదే ఆ పిల్ల నాలుగు రాళ్ళు సంపాదించుకునేది. ఆ పూట నుంచి మా ఇంట్లోనే ఉంది.

"నాకు విడాకులు ఇప్పించండి మేడం" అంది, నరసరావుపేటలో లాయరు తహసీన్‌తో. తోడు నేనే వెళ్ళాను.

"విడాకులకు టైం పడుతుందమ్మా. అప్పటిదాకా ఎక్కడుంటావు? పుట్టింటికి పోయావంటే, తనంతట తానే పోయిందంటారు. ముందు గృహహింస చట్టం కింద పిటిషన్ వేద్దాం. ఇల్లు ఆయన పేరున ఉన్నా సరే, అక్కడ ఉండే హక్కు నీకుంది. నిన్ను కొట్టకుండా, వెళ్ళగొట్టకుండా ఆర్డరు అడుగుదాం. విడాకులు ఆ తర్వాత వేసుకోవచ్చు" అంది తహసీన్.

నేను తల దించుకున్నాను. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి రమ్మని ముందురోజు సలహా ఇచ్చిన మహాతల్లిని నేనే మరి.

కోర్టులో పవన్ తల దువ్వుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని మాటల్లో నిజం నేతిబీరకాయలో నెయ్యంత. "నేను పొమ్మనలేదు సార్. సంసారమన్నాక సర్దుకుపో అన్నా, అంతే. అలిగి పోయింది" అన్నాడు.

"అందులో తప్పేముంది సార్?" అన్నాడు వాళ్ళ లాయరు. జడ్జిగారు దేవిక వంక చూశారు. "ఆ మాట అన్నాడా?" అంటే, పిచ్చిపిల్ల, "అన్నాడు సార్" అంది. అబద్ధం చెప్పడం దానికి రాదు.

అప్పుడు తహసీన్ నన్ను బోనెక్కించింది. ఒళ్ళు మండిపోతోంది నాకు.

"అయ్యా, ఈ పిల్లను సర్దుకుపొమ్మన్నది నేను. తొమ్మిదేళ్ళు చెప్పా, నా నోరు పడిపోను! ఇతనన్నది ఆ సర్దుకుపోవడం కాదు. 'ఏందే ఇంకా చూస్తన్నావ్, నీ గుడ్డలు సర్దుకు పో' అన్నాడు. ఎంటనే చెంప పగిలింది."

"నువ్వు చూశావా?" అన్నాడు వాళ్ళ లాయరు.

"చూసేదేంది? మజ్జిన గోడ ఒకటేనయ్యా. ఆళ్ళింట్లో గ్లాసు పడ్డా నాకు వినపడుద్ది. తొమ్మిదేళ్ళుగా దెబ్బదెబ్బా విన్నా."

ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది. కేసు తేలేదాకా దేవిక ఆ ఇంట్లోనే ఉండొచ్చు, తాళం తీయాలి, పవన్ ఆమె మీద చెయ్యి వేయకూడదు. "మీ సాక్ష్యమే నిలబెట్టిందమ్మా" అంది తహసీన్. నేను పొంగిపోయాను. బస్టాండులో దేవికకు చెరుకురసం ఇప్పించాను.

రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"అన్నీ వినపడేయా పిన్నీ?" అంది.

నేను లేచి, చెరుకురసం బండివాడికి ఇచ్చేసిన డబ్బులే మళ్ళీ ఇవ్వబోయాను.