సాక్షి అడిగిన తుపాకి

ఆటోనగర్‌లో లారీల చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు అమ్మే షాపు పద్మశ్రీది. భర్త పోయినప్పటి నుంచీ కౌంటర్లో ఆమే కూర్చుంటోంది. కిందటేడు వేసవిలో ఒక మధ్యాహ్నం, సరిగ్గా ఆ షాపు ముందే, బండి పక్కకి తియ్యమన్న మాట మీద గొడవ పెరిగి, చక్రి అనేవాడు కాశీరావు అనే లారీ డ్రైవర్ని కత్తితో పొడిచాడు. కాశీరావు బందరు వైపు మనిషి. చేపల లోడు దింపేసి, పట్టీలు మార్పించుకుందామని వచ్చాడు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

ఆ వీధిలో చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పోలీసులు అడిగేసరికి ఒకరు భోజనానికి వెళ్ళానన్నారు, ఇంకొకరు గ్రైండర్ చప్పుడులో ఏమీ వినపడలేదన్నారు. చూశానని చెప్పింది పద్మశ్రీ ఒక్కతే.

దసరా వెళ్ళాక చక్రికి బెయిలొచ్చింది. అప్పటి నుంచీ ఎదురుగా టీ బంకు దగ్గర బైకు ఆపుకుని, షాపు వైపే చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. మాట లేదు, చెయ్యెత్తడం లేదు. పద్మశ్రీ స్టేషన్‌కి వెళ్ళి చెప్పింది. ఎస్సై హేమసుందర్ శ్రద్ధగానే విన్నాడు.

"రోడ్డు మీద కూర్చున్నవాణ్ణి ఏమని లోపలెయ్యమంటారండీ? ఏమన్నా అంటే చెప్పండి, చూద్దాం."

వాడు అననే అన్నాడు. ఓ రోజు షాపు మెట్టు దాకా వచ్చి, నవ్వుతూ, "అక్కా, మీ సింధూరి కాలేజీ బస్సు బెంజి సర్కిల్లో ఎక్కుద్దా, పటమటలోనా?" అని అడిగాడు.

కూతురి పేరు వాడి నోట వినేసరికి పద్మశ్రీ కౌంటర్ వదిలేసి లేచింది. మళ్ళీ స్టేషన్‌కి పరిగెత్తింది. బస్సు గురించి అడిగినంత మాత్రాన కేసు అవదన్నారు.

ఆ ఆదివారం కంకిపాడులో బాబాయి బసవపున్నయ్య ఇంటికి వెళ్ళింది. చేపల చెరువుల కాపలాకని ఆయన దగ్గర ఎప్పటి నుంచో లైసెన్సు తుపాకి ఉంది.

"ఒకసారి పట్టుకుని చూస్తాను బాబాయ్" అంది.

ఆయన తూటాలు తీసేసి చేతికిచ్చాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. భుజానికి ఆనించుకుని చెరువు అవతలి గట్టు వైపు గురిపెట్టింది. గురి కదల్లేదు. అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"వాడు నీ ఎదటికొస్తే సరేనమ్మా. పిల్ల బస్సు దగ్గరికెళ్తే ఏం చేస్తావ్?" అన్నాడు బసవపున్నయ్య.

"ఊరికే చేతులు కట్టుకుని కూర్చోలేను బాబాయ్" అని మాత్రం అంది. ఆ వారంలోనే కమిషనర్ ఆఫీసులో తుపాకి లైసెన్సుకి దరఖాస్తు పెట్టింది.

దాని మీద విచారణ తిరిగి హేమసుందర్ దగ్గరికే వచ్చింది. ఆయన షాపుకొచ్చి కూర్చున్నాడు. పద్మశ్రీ టీ తెప్పించింది.

"తుపాకులెందుకండీ? మేం లేమా?"

"ఉన్నారు సార్. రెండుసార్లు వచ్చానుగా."

ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "అడిగినవాళ్ళందరికీ ఇచ్చుకుంటూ పోతే ఈ ఆటోనగర్ ఏమవుద్ది చెప్పండి? అక్కర్లేదనే రాసి పంపుతాను. ఏమీ అనుకోకండి."

"అనుకోను. ఏమని రాస్తారు?"

"విచారణలో ప్రాణభయం ఉన్నట్టు తేలలేదని."

పద్మశ్రీ కౌంటర్ మీదికి వంగింది. ముందుగా అనుకున్న మాటలు కావు, కోపంలో వచ్చేశాయి. "రాయండి సార్. పద్మశ్రీకి గానీ, ఆవిడ కూతురికి గానీ, చక్రి వల్ల ఏ భయమూ లేదని రాసి కింద సంతకం పెట్టండి. మీరంత గట్టిగా చెబితే నాకింక తుపాకెందుకు?"

హేమసుందర్ తల తిప్పి రోడ్డవతలికి చూశాడు. చక్రి బైకు మీదే ఉన్నాడు. షాపు ముందు ఆగిన పోలీసు జీపు చూసి కూడా లేవలేదు.

"రోజూ ఇలాగేనా?"

"రోజూ."

టీ తాగకుండానే ఆయన లేచాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. "బెయిల్ ఆర్డర్ తెప్పించి చూశానండీ. సాక్షుల దరిదాపులకి రాకూడదని అందులోనే ఉంది. నేనిది మీరు మొదటిసారి వచ్చినప్పుడే చూడాల్సింది."

సాక్షిని బెదిరించాడని కేసు కట్టారు, బెయిలు రద్దు చెయ్యమని కోర్టుని అడిగారు. అది తేలేదాకా దానమ్మ అనే కానిస్టేబులు మామూలు చీరలో సింధూరి బస్సులోనే వెళ్ళివచ్చింది. నెల తిరక్కుండా చక్రి మళ్ళీ జైలుకి వెళ్ళాడు. లైసెన్సు రిపోర్టులో కూడా హేమసుందర్ భయం నిజమేనని రాశాడు.

"వాడు లోపలున్నాడు గదండీ, దరఖాస్తు వెనక్కి తీసుకుంటారా?" అని ఆమెనే అడిగాడు.

"ఉండనివ్వండి సార్. వాడు బయటికొచ్చేనాటికి ఈ స్టేషన్లో మీరే ఉంటారని ఏముంది?"



కోర్టులో సాక్ష్యం రోజున వెనక బెంచీ మీద కాశీరావు భార్య పేరమ్మ కూర్చుంది. పద్మశ్రీ చూసింది చూసినట్టు చెప్పింది. చక్రి తరఫు లాయరు లేచి, "మీరు తుపాకి కోసం అప్లై చేశారు. అంటే మా క్లయింటు మీద మీకు కక్ష. అవునా?" అన్నాడు.

"కక్ష ఉన్నవాళ్ళు గవర్నమెంటు పర్మిషన్ అడుగుతారాండీ? నాకు భయమేసింది. ముందు పోలీసులకి చెప్పాను. వాళ్ళు వినకపోతే తుపాకి అడిగాను."

జడ్జిగారు ఆ మాటని ఉన్నదున్నట్టు రాయించారు. హేమసుందర్ అక్కడే నిలబడి ఉన్నాడు, తల దించుకున్నాడు.

బయటికొచ్చాక పేరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఏదో చెప్పబోయి ఆగి, "పొద్దున్నుంచీ ఏవన్నా తిన్నావా తల్లీ?" అంది. లేదంది పద్మశ్రీ. ఇద్దరూ కోర్టు పక్కన హోటల్లో ఇడ్లీ తిన్నారు. కాశీరావుకి లారీలో పాటలు పెద్దగా పెట్టుకునే అలవాటని, చెబితే వినేవాడు కాదని పేరమ్మ చెబుతూ పోయింది.

వానాకాలంలో తీర్పు వచ్చింది. చక్రికి యావజ్జీవ శిక్ష పడింది. వాడి వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు. పద్మశ్రీ దరఖాస్తు ఇంకా కమిషనర్ ఆఫీసులోనే ఉంది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.