సారు గెలిచిన కప్పులు

వాలీబాల్, బాస్కెట్‌బాల్, షాట్‌పుట్, హైజంప్, ఆఖరికి చదరంగం కూడా. ఆ విద్యాసంస్థలో పిల్లలు ఏది ఆడినా నేర్పేది మన కోచ్ సారే. నేర్పేదంటే మరీ అంత నేర్పేస్తాడని కాదు. గొడుగు కింద కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలేసుకుని, మెడలో విజిల్‌తో కూర్చుంటాడు. చెప్పొద్దూ, విజిల్ మాత్రం బ్రహ్మాండంగా ఊదుతాడు.

మరి స్టాఫ్ రూములో అద్దాల బీరువా నిండా అన్ని కప్పులెలా వచ్చాయంటారా? పొడుగమ్మాయి వల్ల. ఆరో తరగతిలోనే సారు భుజం దాటిన పిల్ల. ఏ బంతి ఇచ్చినా ఆడుతుంది, దేన్ని దూకమన్నా దూకుతుంది. చదరంగంలో పొడుగుతో పనేమిటని అడక్కండి, అందులోనూ గెలిచింది. స్కూలుకి కప్పులొచ్చాయి, సారుకి జీతం పెరిగింది. ఆ పిల్ల అదే సంస్థ కాలేజీలో చేరగానే, కాలేజీకి కోచ్ లేకపోవడం ఎంత అన్యాయమో సారుకి హఠాత్తుగా తెలిసొచ్చింది. ప్రిన్సిపాల్ దగ్గర తన డబ్బా తనే కొట్టుకుని కాలేజీ కోచ్ కూడా అయ్యాడు. పిల్ల పై క్లాసుకి వెళ్తే ఆయన పై మెట్టెక్కాడు. అదీ ఆయన కెరీరు.

చిక్కంతా ఆఖరి సంవత్సరంలో వచ్చింది. డిగ్రీ చేతికొస్తే పిల్ల వెళ్లిపోతుందిగా. వాలీబాల్ టోర్నమెంటు తేదీలు పెట్టే కమిటీలో సారు ఉన్నాడు. సరిగ్గా స్టాటిస్టిక్స్ పరీక్ష రోజే ఫైనల్ పడేలా చూసుకున్నాడు. మరుసటేడు కూడా అలాగే పడింది, పాపం. కప్పు వచ్చింది, డిగ్రీ రాలేదు. రెండుసార్లూ ఆ పిల్ల వీపు తట్టి తెగ ఓదార్చాడు. సిగ్గు లేకపోతే సరి.

మళ్లీ పరీక్ష రోజే పడ్డ ఈ ఏడు ఫైనల్ గెలిస్తే స్పోర్ట్స్ డైరెక్టర్ని చేస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. గొడుగు పోయి ఏసీ గది వస్తుంది. సారు గాల్లో తేలుతుండగా పొడుగమ్మాయి వచ్చి, "ఈసారి పరీక్ష రాస్తాను సార్" అంది.

సారు కాలు మీది కాలు దించాడు. "పరీక్షదేముందమ్మా, వచ్చే ఏడాదీ వస్తుంది."

"ఫైనల్ కూడా ఏటా వస్తూనే ఉంది కద సార్. డిగ్రీ చూపిస్తే ఉద్యోగమిస్తామన్నవాళ్లు మాత్రం ఇక ఆగరు."

సారు ఇంటికెళ్లి భార్యని పట్టుకున్నాడు. ఆ స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్ ఆవిడే.

"రాసినా తప్పుతావని దానికి ఒక్క మాట చెప్పవే. మన బతుకులు బాగుపడతాయి."

"క్లాసులో అందరికంటే బాగా చేసే పిల్లకి ఏ నోటితో చెప్పమంటారు?" అందావిడ. "ఆ తేదీలు మీరే పట్టుబట్టి పెట్టించారని మీ కమిటీ గుమస్తా ఇవాళ పొద్దున్నే చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లకి చెప్పిందీ నేనే, పరీక్ష రాయమన్నదీ నేనే."



ఫైనల్ రోజు వ్యాన్లో ఒక సీటు ఖాళీగా వెళ్లింది. మొదటి సెట్ ఎంత ఘోరంగా పోయిందో చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. రెండో సెట్ మధ్యలో సారు టైమౌట్ అడిగాడు. పిల్లలు చెమట తుడుచుకుంటూ చుట్టూ మూగి ఆయన మొహంకేసి చూశారు. సలహా కోసం ఆయన వైపు అలా చూడటం అదే మొదలు.

"ఇన్నాళ్లూ మాకు ఒకటే చెప్పారు సార్, బంతి అక్కకివ్వమని," అంది వాళ్లలో ఒక పిల్ల. "అక్క లేదు. ఇప్పుడెవరికివ్వాలి?"

న్యాయమైన ప్రశ్నే. సారు ఒక్కొక్కళ్లనీ ఎగాదిగా చూశాడు. వీళ్లలో ఎవరు బాగా ఎగురుతారో, ఎవరి చేతిలో బలముందో తెలిస్తే ఒట్టు. ఏదో ఒకటి చెప్పి గండం గట్టెక్కాలిగా. అడిగిన పిల్లకే ఇవ్వమందామని వేలు చూపించాడు.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు.

ఆ పిల్ల పేరు చెప్పింది. "ఐదో తరగతి నుంచీ మీ దగ్గరే ఆడుతున్నాను సార్."